షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్ డబ్బా కొన్నారా? ముందుగా డబ్బా వెనకాల ఉన్న స్టిక్కర్ పీకి చూడండి

ఆన్‌లైన్‌లో చూయింగ్ గమ్ పెద్ద డబ్బాలు తెప్పించుకునేవాళ్లు ఇది కాస్త ఓపిగ్గా చదవండి. మూడు వారాలు నేను పడ్డ అవస్థ, పరీక్షలకి తగలేసిన డబ్బు మీకైనా తప్పుతాయి.

సిగరెట్లు మానేసి నాలుగు నెలలైంది. (మెచ్చుకోళ్లు తర్వాత.) చెయ్యి ఊరుకున్నా నోరు ఊరుకోదు కదా. పళ్ల డాక్టరుగారిని అడిగితే, "చక్కెర లేని గమ్ అయితే పర్లేదండీ, భోజనం చేశాక ఓ ఇరవై నిమిషాలు నమిలితే లాలాజలం బాగా ఊరి పళ్లకి మంచిదే" అన్నారు. ఆయన చెప్పింది భోజనం తర్వాత ఒకటి. నా చెవికెక్కింది "మంచిదే" అన్న ముక్క.

ఇంకేముంది, పెద్ద డబ్బా ఆర్డర్ పెట్టాను. 399 రూపాయలు. ముందువైపు ఆకుపచ్చ రంగు, నిలువుగా కోసిన సపోటా పండు బొమ్మ, "చెట్టు పాలతో చేసిన సహజమైన గమ్, చక్కెర సున్నా" అని పెద్ద అక్షరాలు. వెనక అరచేయంత తెల్ల స్టిక్కరు. దాని మీద ధర, ఎవరిదో సగం చెరిగిన అడ్రసు. అంతే.

నిజానికి నన్ను పడగొట్టింది ఆ సపోటా బొమ్మే. చిన్నప్పుడు మా పెరట్లో సపోటా చెట్టు ఉండేది. పచ్చికాయ కోస్తే తొడిమ దగ్గర తెల్లటి పాలు బొట్లు బొట్లుగా కారేవి. ఆత్రం కొద్దీ కొరికితే పెదాలు రెండూ అతుక్కుపోయేవి, నాయనమ్మ తిట్టేది. ఆ పాలతోనే ఒకప్పుడు చూయింగ్ గమ్ చేసేవారన్నది అబద్ధం కాదు. మెక్సికో, గ్వాటెమాలా అడవుల్లో సపోటా మానుకి గాట్లు పెట్టి పాలు పట్టి, కాచి ముద్ద చేస్తారు. దాన్ని చికిల్ అంటారు. మాయా జాతివాళ్లు ఎప్పటినుంచో నమిలేవారు. న్యూయార్క్‌లో థామస్ ఆడమ్స్ అనే ఆయన ఆ ముద్దతో రబ్బరు చెయ్యబోయి కుదరక గమ్ చేశాడు, 1871లో దానికి పేటెంట్ కూడా తీసుకున్నాడు.

అదంతా పాత కథ. ఇప్పుడు బజార్లో దొరికే గమ్ముల్లో దాదాపు అన్నిటికీ అడుగున ఉండేది ఫ్యాక్టరీ సరుకు. పాలీఐసోబ్యుటిలీన్, పాలీవినైల్ అసిటేట్, కాస్త మైనం, సుద్దపొడి లాంటివి. మొదటిదానికి దగ్గర చుట్టమే సైకిల్ ట్యూబుల్లో వాడే బ్యూటైల్ రబ్బరు. రెండోది మన వడ్రంగులు చెక్కకి పూసే తెల్ల జిగురు కుటుంబం. తినే వస్తువుల్లో వాడేది వేరే గ్రేడ్, కాబట్టి కంగారు పడక్కర్లేదు. కాకపోతే లేబుల్ మీద ఇవేవీ కనిపించవు. "గమ్ బేస్" అని రెండు మాటలు రాసి వదిలేస్తారు.

ఇక నా కథకొస్తా. షాపులో కౌంటర్ దగ్గర కూర్చుంటాను, డబ్బా చేతికందేంత దూరంలో ఉంటుంది. లెక్క పెట్టుకోలేదు గానీ రోజుకి పదిహేను, పదహారు బిళ్లలు లాగించేవాణ్ని. రెండో వారం మొదలయ్యేసరికి కడుపులో ఒకటే గుడగుడ, ఉబ్బరం, రోజుకి నాలుగైదు సార్లు విరేచనాలు. మంచినీళ్ల క్యాన్ మార్చాను. మా ఆవిడ చేపల పులుసు బంద్ చేసింది. సందు చివర మిర్చి బజ్జీల బండాయన్ని అన్యాయంగా అనుమానించాను, పాపం. మలం పరీక్ష, రక్త పరీక్ష, స్కానింగ్ అన్నీ బాగానే ఉన్నాయి. మూడు కిలోలు తగ్గాను.

రిపోర్టులు పట్టుకుని వెళ్తే డాక్టరుగారు అవి పక్కన పెట్టి నా మొహం వైపే చూస్తూ, "ఏంటండీ నములుతున్నారు?" అన్నారు.

అదే ఆయన పట్టేసింది. షుగర్ ఫ్రీ అంటే తీపి లేనిది కాదు, చక్కెర బదులు వేరే తీపి వేసినది. ఎక్కువగా వేసేది సార్బిటాల్. దాన్ని మన చిన్నపేగు పూర్తిగా పీల్చుకోలేదు. మిగిలింది పేగులోకి నీళ్లు లాగుతుంది, పెద్దపేగులో బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ తయారుచేస్తుంది. మలబద్ధకానికి ఇచ్చే మందుల్లో వాడేది కూడా ఈ సార్బిటాలే! ఒకటి రెండు బిళ్లలకి ఏమీ కాదు. రోజుకి ఇరవై గ్రాములు దాటితే చాలామంది కడుపు తిరగబడుతుంది, సున్నితమైన పేగులున్నవాళ్లకి ఇంకా తక్కువే చాలు. 2008లో బెర్లిన్ డాక్టర్లు ఇలాంటి కేసులే రెండు ప్రచురించారు. రోజూ అతిగా గమ్ములు నమిలిన 21 ఏళ్ల అమ్మాయి 11 కిలోలు తగ్గిపోయింది. నా మూడు కిలోలు నయమనిపించింది.

గమ్ మానేశాను. నాలుగో రోజుకి కడుపు దారికొచ్చింది.

తప్పు నాదే, అతిగా తిన్నాను, అని సరిపెట్టుకుని ఊరుకుందును. ఆ డబ్బా ఖాళీ చేసి, మెంతులు పోసుకుందామని మా ఆవిడ వేణ్ణీళ్లలో నానబెట్టింది. "ఏమండీ, ఒకసారి ఇటు రండి" అని పిలిచింది. వెళ్లి చూస్తే తెల్ల స్టిక్కరు ఊడి నీళ్లమీద తేలుతోంది. దాని కింద అసలు లేబుల్! దినుసుల జాబితాలో మొట్టమొదటి పేరే సార్బిటాల్. అంటే బరువులో అన్నిటికంటే ఎక్కువున్నది అదే. తర్వాత గమ్ బేస్, చక్కెర బదులు వేసే ఇంకో రెండు తీపి పదార్థాలు మాల్టిటాల్, ఆస్పర్టేమ్. చెట్టు పాల ఊసే లేదు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో, ఎక్కువ తింటే విరేచనాలు కావచ్చన్న హెచ్చరిక. సరిగ్గా దాని మీదే ధర స్టిక్కరు అంటించారు. దిగుమతి సరుకు మీద స్టిక్కరు వెయ్యొచ్చు గానీ అసలు లేబుల్ మీది వివరాలు కప్పెయ్యకూడదు. పైగా ఆ స్టిక్కరు మీద 14 అంకెల ఫుడ్ లైసెన్స్ నంబరు కూడా లేదు.

అమ్మినవాళ్లకి ఫొటోలు పంపాను. వచ్చిన జవాబు: "అది మీ బాడీ తత్వం సార్. ఓపెన్ చేసిన డబ్బా రిటర్న్ తీసుకోం." విరేచనాలు నా తత్వమే అనుకుందాం, స్టిక్కరు ఎవరి తత్వం?

డబ్బా చేతికొచ్చినప్పుడు దినుసుల దగ్గర పేర్లు లేకపోయినా అంకెలుంటాయి, అవి చూడండి. 420 సార్బిటాల్, 421 మానిటాల్, 965 మాల్టిటాల్, 967 జైలిటాల్. ఇంట్లో కుక్క ఉంటే 967 ఉన్న డబ్బాని అటకెక్కించండి. మనకి పళ్లకి మేలు చేసే ఆ జైలిటాలే కుక్క తింటే దానికి షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది, ప్రాణం మీదికొస్తుంది. 951 ఆస్పర్టేమ్. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుజబ్బు ఉన్నవాళ్లు దాన్ని ముట్టకూడదు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దాన్ని క్యాన్సర్ కారకం కావచ్చన్న జాబితాలో పెట్టిందని మావాళ్లు వాట్సాప్‌లో భయపెడుతుంటారు. కిలో శరీర బరువుకి రోజుకి 40 మిల్లీగ్రాములన్న పాత పరిమితిని మాత్రం అప్పుడు కూడా మార్చలేదు.

"సహజం" అన్న మాటకి ఎక్కువ డబ్బు పెట్టేముందు ఇంకో సంగతి. 2025లో కాలిఫోర్నియా పరిశోధకులు పది రకాల గమ్ములు నమిలించి లాలాజలం పరీక్షించారు. ఐదు సింథటిక్, ఐదు సహజమైనవి. రెండింట్లోనూ మైక్రోప్లాస్టిక్, అంటే అతి చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఇంచుమించు ఒకేలా వచ్చాయి, గ్రాముకి సగటున వందదాకా. నమిలింది ఒక్క మనిషే కాబట్టి చిన్న పరీక్షే. అయినా సపోటా బొమ్మకి అదనంగా వంద పెట్టే ముందు గుర్తుంచుకోదగ్గదే.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను, డాకెట్ నంబరు ఇచ్చారు. మీకూ ఇలాగే జరిగితే డబ్బా పారెయ్యకండి, స్టిక్కరు పీకకముందు ఒక ఫొటో, పీకాక ఒక ఫొటో తీసి, బిల్లుతో కలిపి దాచుకోండి. నేను మొదటి ఫొటో తియ్యలేదు, ఇప్పుడు "ఆ స్టిక్కరు మాది కాదు" అంటున్నారు.