బ్లాక్ చేసిన మనిషే కొత్త పేరుతో మళ్లీ వచ్చాడు: తిరుపతి, చిత్తూరులో ఆన్‌లైన్‌లో కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ జాగ్రత్త

ఆన్‌లైన్‌లో కళంకారీ చీరలు, చున్నీలు కొనేవాళ్లు, నాలాగా ఇంట్లో నుంచే అమ్ముకునేవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. ఈ మోసంలో నా డబ్బు పోయింది. అంతకంటే నన్ను బాధపెట్టింది ఏమిటంటే, నన్ను నమ్మి కొన్న ఒకావిడ కూడా మోసపోయింది, అదీ నా చేతుల మీదుగానే.

నేనుండేది తిరుపతిలో. శ్రీకాళహస్తిలో కలంతో బొమ్మలు వేసే ఒక అన్న కుటుంబం దగ్గర చీరలు కొని, ఒక ఆన్‌లైన్ మార్కెట్‌లోనూ, నా ఇన్‌స్టాగ్రామ్ పేజీలోనూ అమ్ముతాను. పోయిన నెల చిత్తూరు నుంచి ఫోన్ వచ్చింది. కూతురి సీమంతానికి కట్టుకోవాలని నా దగ్గర 7,500 రూపాయలకు చీర తీసుకున్న ఆవిడ.

"ఏమ్మా, చేతిపని అని చెప్పి ప్రింటు చీర పంపించినావే? మా వదిన పట్టుకుని చూస్తానే చెప్పేసింది. ఇట్ల చేయొచ్చునామ్మా?"

గొంతులో కోపం లేదు, బాధ ఉంది. నాకు నోట మాట రాలేదు. ఫోటో పంపమన్నాను. డిజైన్ అదే, నెమళ్లు అవే, రంగులు కూడా దాదాపు అవే. కానీ అది నేను శ్రీకాళహస్తి నుంచి తెచ్చిన చీర కాదు. స్క్రీన్ ప్రింటు. ఆవిడ డబ్బు ఆ సాయంత్రమే వెనక్కి పంపేశాను. ఆ తర్వాత ఆ చీర నా ఇంట్లోకి ఎలా వచ్చిందో వెతకడం మొదలుపెట్టాను.

దానికి కొన్ని నెలలు వెనక్కి వెళ్లాలి. ఒకతను నా దగ్గర వరుసగా రెండుసార్లు క్యాష్ ఆన్ డెలివరీలో చున్నీలు ఆర్డర్ పెట్టి, కొరియర్ అబ్బాయి ఇంటికి వెళ్లాక వద్దన్నాడు. రానూ పోనూ చార్జీలు నాకే పడ్డాయి. మూడోసారి నా పేజీలోనే యూపీఐలో డబ్బు కట్టి ఒక చున్నీ తీసుకున్నాడు. రెండు వారాల తర్వాత రంగు ఫోటోలో ఉన్నట్టు లేదు, సగం డబ్బు వెనక్కి ఇవ్వకపోతే ఒక్క స్టార్ ఇచ్చి మీ పేజీ సంగతి చూస్తానని బెదిరించాడు. మాట కూడా పద్ధతిగా లేదు. రెండుచోట్లా బ్లాక్ చేసేశాను. ఇక పీడ వదిలిందనుకున్నాను.

పది రోజుల తర్వాత మార్కెట్‌లో కొత్త ఖాతా నుంచి ఒక ఆడమనిషి పేరుతో నెమలి చీరకు ఆర్డర్ వచ్చింది. ముందే డబ్బు కట్టారు, మర్యాదగా మెసేజ్ పెట్టారు. పంపాను. చేరిన మూడో రోజు "చీరలో చిరుగు ఉంది" అని రిటర్న్ పెట్టారు. పార్శిల్ పికప్ అయిన వెంటనే రీఫండ్ వెళ్లిపోయింది. పార్శిల్ నా దగ్గరికి వచ్చిన రోజు ఇంట్లో అమ్మకు జ్వరం. కవర్ పైపైన చూసి, మన చీరే కదా అని బీరువాలో పెట్టేశాను. మడత విప్పలేదు. నేను చేసిన తప్పు ఇదే. తర్వాత చిత్తూరు ఆర్డర్ వచ్చినప్పుడు అదే చీర కొత్త కవర్‌లో వేసి పంపించాను.

అంటే మోసగాడు చేతిపని చీర ఉంచుకుని, అలాంటి ప్రింటు చీర కొని నాకు తిప్పి పంపాడు. నా దగ్గర నుంచి అది ఏ పాపం ఎరుగని ఇంకొకరికి చేరింది. అందుకే ఇది అమ్మేవాళ్ల బాధ మాత్రమే అనుకోవద్దని కొనేవాళ్లకు కూడా చెబుతున్నాను. విప్పి చూడని రిటర్న్ పార్శిల్ రేపు మీ ఇంటికే రావచ్చు.

చిత్తూరు ఆవిడ తిప్పి పంపిన చీర తీసుకుని శ్రీకాళహస్తి వెళ్లాను. అన్న దాన్ని ఒకసారి తిరగేసి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "ఇది మనది కాదమ్మా, మిషన్ మీద వేసింది" అన్నాడు. మూడు వారాలు కూర్చుని వేసిన చీర ఎక్కడికి పోయిందో తెలియక ఆయన ముఖం చూడలేకపోయాను.

ఆ ఆడమనిషి, మొదట బ్లాక్ చేసిన అతను ఒకరేనని మొదట నాకు అనుమానమే రాలేదు. మూడోసారి అతనే దొరికిపోయాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఇంకో కొత్త పేరుతో వచ్చి రెండు చున్నీలు కావాలన్నాడు. "ముందు ఒక రూపాయి పంపి చూస్తాను, మీకు అందితే మిగతాది వేస్తాను" అన్నాడు. రూపాయి వచ్చింది. వెంటనే 4,800 కట్టినట్టు స్క్రీన్‌షాట్ పెట్టి, ఈరోజే కొరియర్‌లో వేయమని తొందర పెట్టాడు. ఖాతాలో చూస్తే ఆ రూపాయి తప్ప ఏమీ లేదు. ఆ రూపాయి పంపిన వాళ్ల పేరు దగ్గర మాత్రం బ్యాంకు ఖాతాలో ఉన్న అసలు పేరు కనిపించింది. పాత లావాదేవీలు తిరగేశాను. మొదటి చున్నీకి డబ్బు కట్టిన పేరు, ఇది, అక్షరం తేడా లేకుండా ఒక్కటే.

అప్పుడు చిరునామాలు పక్కపక్కన పెట్టి చూశాను. ఒకదాంట్లో "వాటర్ ట్యాంకు ఎదురు సందు" అని ఉంది, ఇంకోదాంట్లో "ట్యాంక్ దగ్గర రెండో వీధి" అని. ఇంటి నంబరులో గీత ఒకచోట ఉంది, ఒకచోట లేదు. పిన్‌కోడ్ మూడింటికీ 517501. మా ఏరియాకు వచ్చే కొరియర్ అబ్బాయిని అడిగితే, "అక్కా, మూడూ ఆ ఇల్లే కదా, ముందు ఇచ్చిన పార్శిళ్ల మీద పేర్లు వేరే ఉంటే ఇంట్లోవాళ్లవి అనుకున్నా" అన్నాడు.

మార్కెట్ కస్టమర్ కేర్‌కు ఇవన్నీ పంపించాను. వేరు వేరు ఫోన్ నంబర్లు, వేరు వేరు పేర్లు కాబట్టి అవి ఒకే మనిషివని మేము చెప్పలేం అన్నారు. చీర క్లెయిమ్ కూడా తిరస్కరించారు, ఎందుకంటే రిటర్న్ పార్శిల్ విప్పుతున్న వీడియో నా దగ్గర లేదు.

బ్లాక్ బటన్ గురించి నేను అప్పటిదాకా తప్పుగా అర్థం చేసుకున్నాను. మనం బ్లాక్ చేసేది ఖాతాను, మనిషిని కాదు. కొత్త సిమ్ వేసి ఐదు నిమిషాల్లో కొత్త ఖాతా తెరవచ్చు. మన దేశంలో ఒక మనిషి పేరు మీద 9 సిమ్‌ల వరకు ఉండవచ్చు. ఇంట్లోవాళ్ల ఫోన్లు కలిపితే లెక్కే లేదు. ఈబే లాంటి పెద్ద మార్కెట్‌లో కూడా బ్లాక్ లిస్టు యూజర్ నేమ్ మీదే పనిచేస్తుంది. పైగా కొనేవాళ్ల మీద అమ్మేవాళ్లు నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఇచ్చే వీలును అక్కడ 2008లోనే తీసేశారు. కొనేవాళ్లు భయం లేకుండా నిజం చెప్పడానికి అది అవసరమే, నేను కాదనను. కానీ ఆ తర్వాత అమ్మేవాడి చేతిలో ముఖ్యంగా మిగిలింది ఆ బ్లాకే, దానికేమో ఇంత పెద్ద కన్నం. ఇన్‌స్టాగ్రామ్ 2021లో తెచ్చి, 2022లో ఇంకా పెంచిన ఏర్పాటు కొంచెం మేలు. బ్లాక్ నొక్కినప్పుడు ఆ ఖాతాతో పాటు అతనికి ఉన్న, ఇకపై తెరిచే ఖాతాలను కూడా బ్లాక్ చేసే ఆప్షన్ కనిపిస్తుంది. నేను అప్పుడు తొందరలో చదవకుండా ఒక్క ఖాతానే బ్లాక్ చేశాను. మీరు అన్ని ఖాతాలనూ బ్లాక్ చేసే ఆ ఆప్షన్‌నే ఎంచుకోండి. అయినా పూర్తిగా ఆగుతారని ధీమాగా ఉండొద్దు.

2020లో కేంద్రం తెచ్చిన ఈ-కామర్స్ నియమాలు కూడా చదివాను. కాపీరైటు, ట్రేడ్‌మార్క్ లాంటి చట్టాల కింద తీసేసిన సరుకునే మళ్లీ మళ్లీ పెట్టే అమ్మకందారులను గుర్తుపట్టే వివరాలు మార్కెట్‌లు నమోదు చేసి ఉంచడానికి ప్రయత్నించాలని అందులో ఉంది. మంచిదే. పేర్లు మార్చి పదే పదే మోసం చేసే కొనుగోలుదారుల గురించి కూడా అలాంటి జాగ్రత్త ఉంటే నాలాంటి చిన్నవాళ్లకు ఎంతో ఊరట. అవే నియమాల ప్రకారం కొనేవాళ్ల ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. అది కాకపోతే కొనేవాళ్లు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. చిత్తూరు ఆవిడ నా మీదే అలా ఫిర్యాదు చేసి ఉండవచ్చు, చేసినా తప్పు కాదు. చేయకుండా ముందు నాకు ఫోన్ చేయడం ఆవిడ మంచితనం.

నేను సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను. 2022 ఏప్రిల్ వరకు తిరుపతీ చిత్తూరూ ఒకే జిల్లా, ఇప్పుడు వేరు కదా, ఎవరికి చెప్పుకోవాలని ఆవిడ కూడా అడిగింది. ఆ నంబరు, ఆ పోర్టల్ దేశమంతటికీ ఒకటే, జిల్లా గురించి ఆలోచించి ఆగిపోవద్దు. వేరే మనిషినని నమ్మించి ఫోన్ ద్వారానో కంప్యూటర్ ద్వారానో మోసం చేస్తే ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. ఫిర్యాదుతో పాటు ఆర్డర్ నంబర్లు, కొరియర్ ట్రాకింగ్ నంబర్లు, యూపీఐ లావాదేవీ నంబర్లు, చాట్ స్క్రీన్‌షాట్లు అన్నీ ఇచ్చాను. ఖాతా బ్లాక్ చేసే ముందే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. బ్లాక్ చేశాక కొన్నిచోట్ల చాట్ మళ్లీ దొరకదు.

ఇప్పుడు ఏ రిటర్న్ వచ్చినా ఫోన్ స్టాండుకు పెట్టి, పార్శిల్ మీది ట్రాకింగ్ నంబరు కనిపించేలా మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా కొంగు చివరిదాకా విప్పేవరకు వీడియో తీస్తున్నాను. పంపేటప్పుడు కూడా అంతే. అన్నతో మాట్లాడి ప్రతి చీర అంచు లోపల కలంతోనే చిన్న నంబరు వేయిస్తున్నాను, దాని ఫోటో నా దగ్గర ఉంటుంది. కొత్తవాళ్లకు 1,500 దాటితే క్యాష్ ఆన్ డెలివరీ ఇవ్వడం లేదు. దీనివల్ల కొన్ని ఆర్డర్లు తగ్గాయి, నిజమే. డబ్బు వచ్చిందా లేదా అన్నది నా బ్యాంకు ఖాతాలోనే చూస్తాను, ఎవరు ఎంత తొందర పెట్టినా స్క్రీన్‌షాట్ చూసి పార్శిల్ కదలదు.

ఇంకో మాట. చిరునామా ఒకటే అని ప్రతివాళ్లనూ అనుమానించొద్దు. ఈ గొడవ తర్వాత నేను భయంతో మహిళా యూనివర్సిటీ దగ్గర హాస్టల్ నుంచి వచ్చిన ఒక ఆర్డర్ రద్దు చేశాను, అదే అడ్రస్‌కు ముందు ఇంకో పేరుతో రిటర్న్ వచ్చిందని. ఆ అమ్మాయి ఫోన్ చేసి, "మేడం, ఈ హాస్టల్‌లో వందల మంది ఉన్నాం" అంటే సిగ్గేసింది. క్షమాపణ చెప్పి చున్నీ పంపించాను. చిరునామా, బ్యాంకు పేరు, రిటర్న్ చేసే తీరు, ఇవన్నీ కలిస్తేనే ఒక నిర్ణయానికి రండి. అందుకే అతని పేరు, నంబరు ఇక్కడ పెట్టడం లేదు. అవి పోలీసులకు ఇచ్చాను. కామెంట్లలో అడగొద్దు.

కొనేవాళ్లు చీర చేతికి రాగానే వెనక వైపు చూడండి. శ్రీకాళహస్తి పనిలో బట్టను కరక్కాయ, పాలలో నానబెట్టి ఆరబెట్టాకే బొమ్మ మొదలవుతుంది. గీతలకు వాడే నలుపు తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసేది. ఆ రంగులు బట్టలోకి దిగుతాయి కాబట్టి వెనక కూడా బొమ్మ బాగా తెలుస్తుంది. స్క్రీన్ ప్రింటులో సాధారణంగా వెనక వెలిసినట్టు ఉంటుంది. చేతి గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా పోతుంది. పక్కపక్కన ఉన్న రెండు పువ్వులు అచ్చం ఒకేలా ఉంటే అనుమానించండి. కొత్త చీరకు పాల వాసన కొంచెం ఉంటుంది. పెడన వైపు చెక్క అచ్చులతో వేసే కళంకారీ వేరు, అది కూడా నిజాయితీగల చేతిపనే, దాని ధర దానికి ఉంటుంది. అచ్చు అని చెప్పి అమ్మితే తప్పులేదు, కలం పని అని చెప్పి మిషన్ ప్రింటు ఇస్తేనే మోసం. మీరు కూడా పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. అది మిమ్మల్ని కాపాడుతుంది, నిజాయితీగా అమ్మేవాళ్లనూ కాపాడుతుంది.

నా అసలు చీర ఇంకా దొరకలేదు. కొత్తగా తెరిచిన ఖాతాల్లో "ఒక్కసారే కట్టాం, ఒరిజినల్ కళంకారీ, సగం ధర" అని వచ్చే వాటిని ఇప్పుడు రోజూ చూస్తున్నాను. మీరు కూడా చూడండి. గోధుమరంగు కాటన్, కొంగు మీద ఎదురెదురుగా రెండు నెమళ్లు, మధ్యలో మామిడి చెట్టు, మంజిష్ఠ ఎరుపు అంచు. ఎడమ వైపు నెమలి మెడ కింద నల్లరంగు చుక్క ఒకటి జారి ఉంటుంది, ఆవగింజంత. అన్న చేయి అదిరి పడిన చుక్క అది, నా పాత ఫోటోలో స్పష్టంగా ఉంది. ఎవరైనా ఆ చీర అమ్ముతుంటే కొనొద్దు, వాళ్లతో గొడవ పడొద్దు. స్క్రీన్‌షాట్ తీసి, ఖాతా పేరుతో సహా నాకు మెసేజ్ చేయండి. చిత్తూరు ఆవిడకు అన్న ఇంకో నెమలి చీర మొదలుపెట్టాడు. సీమంతం లోపల అందించాలని చూస్తున్నాం.