రెండు పైపుల డ్రెయిన్‌తో నాలుగేళ్లు: మా అక్వేరియం సంప్ సంగతులు

మియాపూర్‌లో మాది మూడో అంతస్తు ఫ్లాటు. హాల్లో 4×2×2 అడుగుల చేపల ట్యాంకు ఉంది, అంచుదాకా నింపితే దాదాపు 450 లీటర్లు పడుతుంది. కింద స్టాండులో సంప్, అంటే నీళ్లు శుభ్రమయ్యే రెండో తొట్టి. 2020 లాక్‌డౌన్‌లో పట్టుకున్న పిచ్చి ఇది, ఇంకా వదల్లేదు. పైనుంచి నీళ్లు సంప్‌లోకి దిగే డ్రెయిన్ లైను, అక్కణ్నుంచి మోటారు మళ్లీ పైకి తోసే రిటర్న్ లైను, ఈ రెండింటినీ ఇప్పటికి మూడుసార్లు కోసి అతికించాను. ఇప్పుడున్నదాన్ని హెర్బీ పద్ధతి అంటారు. నాలుగేళ్లు దాటింది. నా ఓటు దానికే, ఒకట్రెండు చిరాకులున్నా సరే.

ట్యాంకు కొన్నప్పుడే మూలన గాజుపలకలతో, ట్యాంకు నీళ్లు అంచు దాటి పడే ఓవర్‌ఫ్లో గది కట్టి, అడుగున రెండు రంధ్రాలు వేసి ఇచ్చారు. ఒకటి డ్రెయిన్‌కి, రెండోది రిటర్న్‌కి. మొదట డర్సో పైపు పెట్టాను. అందులో గాలీ నీళ్లూ కలిసి దిగుతాయి. పొంగే భయం తక్కువే గానీ ఆ గుడగుడ శబ్దం! రాత్రి పూట పక్కగదిలో ఎవరో ఆపకుండా ఫ్లష్ లాగుతున్నట్టే ఉండేది. మా ఆవిడ ఒక్క మాట అనలేదు, టీవీ సౌండు మాత్రం ముప్పై నుంచి నలభైకి పెంచింది. నాకర్థమైంది.

హెర్బీలో ఆ రెండు రంధ్రాలూ డ్రెయిన్‌కే పోతాయి. రిటర్న్ పైపు వెనక అంచు మీదుగా లోపలికి వంగుతుంది. డ్రెయిన్ పైపుల్లో ఒకటి పొట్టిది. దాని నిండా నీళ్లే, గాలి ఉండదు, అందుకే చప్పుడు ఉండదు. రెండోది దానికంటే జానెడు పొడుగు, ఆపద్ధర్మానికి. పొట్టిదాని మూతికి ఆకో నత్తో అడ్డం పడితే నీటిమట్టం లేచి, మొత్తం పొడుగుదాంట్లోంచి దిగిపోతుంది. దాని కింది చివర సంప్ నీళ్లకి పైనే వదిలేశాను. అందులోంచి ధార పడితే హాల్లోకి వినిపిస్తుంది, అదే నాకు అలారం.

అసలు కీలకం పొట్టి పైపు మీది వాల్వ్. రెండు మూతుల మధ్య నీళ్లు నిలిచేలా దాన్ని బిగించాలి. డబ్బులెందుకు దండగని మొదట బాల్ వాల్వ్ వేశాను. వెంట్రుకవాసి కదిపితే మట్టం బెత్తెడు మారేది. గేట్ వాల్వ్ అయితే చాలా చుట్లు తిరుగుతుంది కాబట్టి నిదానంగా సర్దుకోవచ్చు. మన షాపుల్లో గేట్ వాల్వ్ అనగానే ఇత్తడిది తీసి చేతిలో పెడతారు. ఇత్తడిలో రాగి ఉంటుంది, అది నీళ్లలోకి దిగితే నత్తలకీ రొయ్యలకీ విషం. ప్లాస్టిక్‌ది కావాలని రాణిగంజ్‌లో రెండు శనివారాలు తిరిగాను. దొరికింది, ధర విని గుండె గుభేలుమంది, అయినా కొన్నాను. ఇప్పుడు పైపులో జిగురు పేరుకున్నప్పుడల్లా, అంటే రెండు నెలలకోసారి, కాస్త తిప్పితే చాలు.

పొట్టి పైపు కింది చివర సంప్ నీళ్లలో అంగుళం మునిగితే సరిపోతుంది. నేను అరడుగు ముంచాను. కరెంటు పోయి వచ్చాక పైపులో ఇరుక్కున్న గాలి బయటికి పోలేక సైఫన్, అంటే పైపు నిండా నీళ్లు వాటంతటవే లాక్కుంటూ దిగడం, పట్టుకునేది కాదు. హాక్సా బ్లేడుతో కోసి పొట్టి చేశాక రెండు గుటకలేసి అర నిమిషంలో సర్దుకుంటోంది.

పైపుల సైజు దగ్గర నేను చేసిన తప్పు మీరు చేయకండి. షాపులో "ఒక ఇంచు" అంటే మూడు రకాలు ఇస్తారు. తెల్ల యూపీవీసీ ఇంచు పైపు బయటి కొలత 33.4 మిల్లీమీటర్లు, బోరు బావులకీ పొలాలకీ వాడే బూడిదరంగు పీవీసీ 32, వేడినీళ్ల సీపీవీసీ 28.6. తెల్ల కప్లింగ్‌లోకి బూడిదరంగు పైపు దూరుతుంది, జిగురు కూడా పట్టినట్టే ఉంటుంది. ఆ 1.4 మిల్లీమీటర్ల తేడా తెల్లారేసరికి చుక్కచుక్కగా బయటపడింది. మొత్తం ఒకే రకం తీసుకోండి.

ప్లంబర్‌తో ఇంకో పంచాయితీ. "గింత పెద్ద పైపెందుకు సార్, ముప్పావు ఇంచు చాల్దా?" అన్నాడు. అతను ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి ఒత్తిడితో దిగే నీళ్ల లెక్కలో చెప్పాడు. ఇక్కడున్నది రెండున్నర అడుగుల ఎత్తే. నీళ్లకి అడ్డు తగ్గాలని డ్రెయిన్‌లో 90 డిగ్రీల ఎల్బో ఉన్నచోట రెండు 45లు వేయించాను. నన్ను అదోలా చూశాడు గానీ పని మాత్రం శుభ్రంగా చేశాడు.

ఇక ఆ రాత్రి సంగతి. మే నెల, గాలివాన, కరెంటు పోయింది. రిటర్న్ మూతి నీటిమట్టానికి పది సెంటీమీటర్లు కిందుంది. మోటారు ఆగగానే అదే పైపు వెనక్కి సైఫన్‌లా నీళ్లు లాగేసింది. మా ట్యాంకులో ఒక్క సెంటీమీటరంటే 7.2 లీటర్లు, పదికి 72. ఓవర్‌ఫ్లో గదిలోవీ పైపుల్లోవీ ఇంకో ఆరు. సంప్ పట్టేది 144, అప్పటికే అందులో వంద ఉన్నాయి. మిగతా ముప్పై నాలుగు లీటర్లూ హాల్లోకి వచ్చేశాయి. రిటర్న్ పైపుకి, నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ ఉందిగా అనే ధీమాతో పడుకున్నాను. పొద్దున విప్పి చూస్తే దాని రేకు కింద గోధుమ గింజంత నత్త గుల్ల ఇరుక్కుని ఉంది, రేకు అంచు చుట్టూ తెల్లగా సున్నం.

చెక్ వాల్వ్ అప్పుడే తీసి పారేశాను. ఇప్పుడు రిటర్న్ మూతి రెండు సెంటీమీటర్లే మునుగుతుంది, పైగా నీటిమట్టానికి కాస్త కింద పైపుకి 6 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టాను. మట్టం అంత తగ్గగానే గాలి దూరి సైఫన్ తెగిపోతుంది. ఆ రంధ్రం నాచుతో పూడుకుపోతుంటుంది, కాలిన అగరుబత్తి పుల్లతో పొడిస్తే సరి. రంధ్రం పనిచేయకపోయినా వెనక్కొచ్చేది ఇరవై లీటర్లే, సంప్‌లో చోటుంది. ఏది కట్టినా ముందు మోటారు స్విచ్ తీసి, సంప్ ఎక్కడిదాకా నిండుతుందో చూసి అక్కడ మార్కర్‌తో గీత గీసుకోండి. నేను ఆ పని నీళ్లు తుడిచాక చేశాను.

మోటారు గురించి ఎక్కువ చెప్పను. డబ్బా మీద గంటకు 4000 లీటర్లని ఉంది. అయిదడుగుల ఎత్తు, మూడు ఎల్బోలు దాటాక 20 లీటర్ల బకెట్ 36 సెకన్లలో నిండింది, అంటే గంటకు 2000. నాకది చాలు. వేసవిలో మంజీరా నీళ్లు తగ్గి బోరు నీళ్లే గతి అయినప్పుడు సున్నం మోటారు రెక్కల మీద గట్టిపడుతుంది. మా మలావి సిక్లిడ్ చేపలకి ఆ గట్టి నీళ్లే ఇష్టం, మోటారుకే కష్టం. ఆరు నెలలకోసారి విప్పి నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెడతాను. రెండు వైపులా యూనియన్లు, అంటే తిప్పి విప్పే జాయింట్లు, ఉండబట్టి పది నిమిషాల్లో ఊడి వస్తుంది.

తీరని చిరాకు ఒకటి మిగిలింది. ట్యాంకు వెనక గోడకి నాలుగు వేళ్ల సందే వదిలాను. ట్యాంకు అడుగు రంధ్రాల్లో పైపులు బిగించే నిపుల్స్‌కి ఉన్న రబ్బరు వాషర్లకి అయిదేళ్లు నిండాయి. వాటిని మార్చాలంటే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాలి. ప్రతి ఆదివారం మోచేయి గీసుకుపోతున్నా వెనక్కి చెయ్యి దూర్చి, వేలితో తడిమి చూస్తుంటాను. ఇప్పటిదాకా పొడిగానే ఉంది.