రెండు వాగుల నడుమ ఇల్లు: గూనపెంకా, స్లాబా?

ఏటూరునాగారం వైపు కొన్ని ఊళ్లు దీవులు కావడానికి సముద్రం అక్కర్లేదు. వానాకాలంల జంపన్నవాగు పొంగితే చాలు. అట్లాంటి చోట ఇల్లు కడదామనుకున్నప్పటి నుంచి మా ఇంట్ల ఒకటే పంచాయితీ: మట్టిగోడల మీద గూనపెంకా, స్లాబా?

ఎండకాలం లెక్కయితే పెంకుటిల్లే మేలు. మధ్యాహ్నం అర్రల పండితే ఫ్యాన్ లేకున్నా నిద్ర పడుతది. మట్టి ఊళ్లెనే దొరుకుతది, వాగు దాటించే పని లేదు. అరుగు మీద కూసుంటే పోయేటోళ్లు, వచ్చేటోళ్లు పలకరించకుండా పోరు. స్లాబేసి గేటు పెట్టినంక ఆ ముచ్చట సగం తగ్గుతది. కానీ కోతులు! అవి ఎగిరినంక ఏటా పెంకు తిరగేయాలె, తిరగేసే పనోళ్లేమో ఇప్పుడు దొరకరు.

స్లాబుకు సిమెంటు, సలాక, కంకర అన్నీ రోహిణి కార్తెలోపే వాగు దాటాలె. పోసినంక కనీసం వారం నీళ్లు నిలబెట్టాలె. మే నెలల స్లాబు కింద ఉడుకు సంగతి అడగొద్దు.

అయినా నా ఓటు స్లాబుకే. 2023 జులైల భూపాలపల్లి దగ్గర మోరంచపల్లిని వాగు ముంచినప్పుడు జనం డాబాలెక్కి ప్రాణాలు కాపాడుకున్నరు, హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. నానిన మట్టిగోడ అంత వరదకు ఆగదు. అందుకే వంటింటికి, ఒక అర్రకు స్లాబు, బయటినుంచి మెట్లు. ముందు వసారాకు మాత్రం గూనపెంకే.

"రెండు పడవల మీద కాళ్లేందిరా?" అని మా చిన్నమ్మ నవ్వింది.

"వాగొస్తే రెండు పడవలూ కావాలె చిన్నమ్మా" అన్నాను.