మంచి టాక్ ఉన్న సినిమా: ఒకేసారి విడుదలా, మెల్లగా పెంచడమా?

రివ్యూలు బాగున్న సినిమాకి కావలసింది టైమ్. ఒకేసారి వందల థియేటర్లలో దింపితే అదే దొరకదు. పేరున్న హీరో లేకపోతే శుక్రవారం సీట్లు ఖాళీ, సోమవారానికి షోలు కోత. నోటిమాట ఊపందుకునేసరికి మిగిలేది మధ్యాహ్నం ఒక్క ఆట. పబ్లిసిటీ డబ్బు మాత్రం అప్పటికే అయిపోయి ఉంటుంది.

కొద్ది థియేటర్లతో మొదలుపెడితే హాళ్లు నిండి టాక్ పాకుతుంది. చిక్కల్లా పెంచే దగ్గరే. హాలీవుడ్ సినిమా 'ది షాశాంక్ రిడెంప్షన్' 1994లో అమెరికాలో 33 థియేటర్లలో మొదలై, మూడు వారాలకు 944కి పెరిగింది. సరిగ్గా ఆ రోజే పోటీగా 'పల్ప్ ఫిక్షన్' సినిమా దిగింది! 2.5 కోట్ల డాలర్లతో తీసిన 'షాశాంక్'కి తొలి విడుదలలో వచ్చింది దాదాపు 1.6 కోట్లే.

అయినా, స్టార్ లేని సినిమాకి రెండో దారే నయం. పోటీ లేని వారం చూసుకుని, టాక్ చల్లారకముందే షోలు పెంచాలి.