పడవకు ఆటోమేటిక్ పంపు: మోటరు ఓకే, స్విచ్చు దండగ

మైలవరం డ్యామ్ దగ్గర మా చిన్నాయన తోటలో ట్రైలర్ మీద ఉండే తెరచాప పడవ కోసం ఆన్‌లైన్‌లో కొన్న 12 వోల్టుల బిల్జ్ పంపు (పడవ అడుగున చేరిన నీళ్ళు తోడేది) గురించి ఇది. ధర రెండున్నర వేల చిల్లర. కంపెనీ పేరు రాయను, ఒకే అచ్చులో పోసిన ఈ సరుకు రకరకాల పేర్లతో దొరుకుతోంది కాబట్టి రాసినా లాభం లేదు. అయిదుకు మోటరుకు నాలుగు మార్కులు, దాంతో పాటు వచ్చిన ఫ్లోట్ స్విచ్చుకు (నీళ్ళ మట్టాన్ని బట్టి మోటరు తనంతట వేసి ఆపేది) ఒకటి. ఆ ఒకటి కూడా డబ్బాలో పగలకుండా వచ్చినందుకు.

కడప జిల్లాలో తెరచాప పడవేంది అని నవ్వొద్దు. చిన్నాయన ఆర్మీలో ఉండగా హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకున్నాడు, రిటైరయ్యాక పాతది ఒకటి తెచ్చుకున్నాడు. దసరా దాటితే దాన్ని గట్టెక్కించి సంక్రాంతి దాకా కదపడు. అసలు గోల అప్పుడే మొదలవుతుంది, ఎందుకంటే బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే మనకు వదలని ముసురు. 2021 నవంబర్‌లో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పటి వానలు ఈ జిల్లాలో ఎవరూ మర్చిపోలేదు. లెక్క చూడండి: చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. పది చదరపు మీటర్ల పడవ మూత లేకుండా ఉంటే, 100 మిల్లీమీటర్ల వానకు వెయ్యి లీటర్లు, అంటే ఒక టన్ను బరువు. ఖాళీ పడవను మోయడానికి చేసిన ట్రైలర్ మీద ఆ బరువు పడితే కింద ఆనించిన చోట ఫైబర్ నొక్కుకుపోతుంది, లోపలి ప్లైవుడ్ ఉబ్బిపోతుంది.

మూత వేసినా నీళ్ళు వస్తాయి. తెరచాప కొయ్య దింపేశాక పైన మిగిలే బొక్కలోంచి, తలుపు అంచుల్లోంచి, తాళ్ళు పోయే సందుల్లోంచి కారి అన్నీ అడుగు గుంతలో చేరతాయి. వెనక బిరడా తీసి ముక్కు వైపు ఎత్తి పెడితే చాలావరకు వాటంతటవే పోతాయి, మేమూ ముందు చక్రం కింద కడప బండలు పేర్చి ఎత్తాం. కానీ మా పడవలో నడిమి గుంత ఆ బిరడా కంటే లోతు. పంపు కొన్నది దాని కోసమే.

మోటరు బలమైనదే. డబ్బా మీద గంటకు 1100 గ్యాలన్లు అని ఉంది, అంటే దాదాపు 4,100 లీటర్లు. ఆ లెక్క పైపు ఎత్తు సున్నా అయినప్పటిది, మీటరు పైకి ఎత్తి బయట పోయాలంటే అంత రాదు, మడతల పైపు వేస్తే ఇంకా తగ్గుతుంది, లోపల నున్నగా ఉండే పైపు తీసుకోండి. ఎంత తోడినా అడుగున రెండు వేళ్ళ నీళ్ళు మిగులుతాయి, ఆపగానే పైపులో నీళ్ళు కూడా వెనక్కి పడతాయి. దానికి వాల్వు పెట్టమంటారు, వద్దు, చెత్త ఇరుక్కుంటే నీళ్ళు బయటికే పోవు. ఆ మిగిలినవి స్పాంజితో తీయాల్సిందే, లేకపోతే వారం పది రోజుల్లో దోమల ఫ్యాక్టరీ.

ఇక స్విచ్చు. నీళ్ళు పెరిగితే తేలి మోటరు వేయాలి, తగ్గితే పడి ఆపాలి, ఇంతే దాని పని. వేపాకు, బురద కలిసిన జిగట పట్టుకుని పైనే ఇరుక్కుపోయింది. నీళ్ళు అయిపోయినా మోటరు తిరుగుతూనే ఉంది, తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ, మరుసటి వానకు గుంత మళ్ళీ నిండింది. చిన్నాయన చూసి, "అబ్బీ, నీ ఆటోమేటిక్ కంటే నీళ్ళు ఎత్తిపోసే ఆ పాత డబ్బా నయం కదరా, దానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు" అన్నాడు. రిటర్న్ పెడితే 'చెత్త వల్ల పాడైంది, వారంటీ రాదు' అని జవాబు. పడవ అడుగున చెత్త కాక పన్నీరు ఉంటుందా?

విడిగా జాలీ గూడు ఉన్న స్విచ్చు కొని పెట్టాక బాధ తీరింది. జమ్మలమడుగులో ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర వైరింగ్ చేయించాం. మెయిన్ స్విచ్చు ఆఫ్ చేసినా పని చేయాలి కాబట్టి ఫ్యూజు పెట్టి నేరుగా బ్యాటరీకే కలపాలి. అతుకులకు టేపు చాలదు, వేడి చేస్తే ముడుచుకునే స్లీవు వేయించండి. సోలార్ ప్యానెల్‌ను నమ్ముకుంటే ముసురులో అది ఇచ్చేది అంతంత మాత్రమే, మేము బోరు షెడ్డు నుంచి చార్జర్ లాగాం.

పంపుతో వచ్చిన కాగితంలో, చలికాలం గుంతలో నీళ్ళు వదిలితే గడ్డ కట్టి తొమ్మిది శాతం దాకా ఉబ్బి పంపు పగులుతుంది, పూర్తిగా తోడేయండి అని ఉంది. మంచు దేశాల వాళ్ళకు అది నిజమే. ఇక్కడ డిసెంబర్ రాత్రికి ఒక స్వెటర్ చాలు, మన శత్రువు ఎండ. నీలం ప్లాస్టిక్ పట్టలు వేసవి దాటేసరికి పొడిపొడి అయిపోతాయి. ప్రొద్దుటూరులో లారీ పట్టలు కుట్టే దుకాణంలో మందపాటి పట్ట కుట్టించాం, ఖర్చు పంపు కంటే ఎక్కువే. నడుమ పొడుగునా వెదురు బొంగు కట్టి ఇంటి కప్పులా వాలు ఇవ్వాలి, లేకపోతే పట్ట మీదే చెరువు కట్టి కిందికి సాగుతుంది. రెండు చివర్లా గాలి ఆడనివ్వకపోతే లోపల బూజు.

డబ్బు ఒకదానికే ఉంటే పట్ట కొనండి. రెండింటికీ ఉంటే ఈ మోటరు తీసుకోండి, స్విచ్చు లేకుండా అమ్మే రకం చూడండి, కొన్ని వందలు మిగులుతాయి.