గణన డేటాకు స్టాన్: నాలుగేళ్లు వాడాక

ఒక్కో యంత్రం నెలకు ఎన్నిసార్లు ఆగిపోయింది? ఇదీ నా డేటా. సగానికి పైగా సున్నాలే, తర్వాత ఒకట్లూ రెండ్లూ, ఉన్నట్టుండి ఎక్కడో ఒక 30. ఇలాంటి గణనలకు మామూలుగా వాడే పాయిజాన్ విభాజనంలో సగటు, విస్తృతి (విలువలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే వేరియన్స్) సమానంగా ఉండాలి. ఇక్కడ విస్తృతి ఎన్నో రెట్లు ఎక్కువ. రెండు మూడు రకాల యంత్రాలు కలిసిపోయాయేమోనన్న అనుమానంతో బేసియన్ మిశ్రమ నమూనా (డేటా కొన్ని వేర్వేరు గుంపుల కలయిక అనుకునే మోడల్) మొదలుపెట్టాను. అప్పటినుంచీ ఇలాంటి నమూనాలు రాసే ప్రోగ్రామింగ్ భాష స్టాన్‌లోనే రాస్తున్నాను.

ఇందులో వివిక్త పరామితులు, అంటే 1, 2, 3 లాంటి విడి విలువలే తీసుకునే తెలియని రాశులు, కుదరవు. ఈ యంత్రం ఏ గుంపుది అన్నదాన్ని జాగ్స్ అనే ఇలాంటి ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ఒక్క లైన్‌లో రాసేయొచ్చు. స్టాన్‌లో మాత్రం అన్ని గుంపుల సంభావ్యతలనూ మనమే కూడి ఆ చరరాశిని తీసేయాలి. వారం రోజులు తల పట్టుకున్నాను. చేయి తిరిగాక మాత్రం నమూనాలో ఏం జరుగుతోందో మొదటిసారి నిజంగా అర్థమైంది.

అసలు తలనొప్పి లేబుల్ స్విచింగ్. స్టాన్ ఒకే నమూనాను కొన్ని చెయిన్లుగా, అంటే విడివిడి రన్‌లుగా, నడుపుతుంది. ఒక చెయిన్‌లో మొదటి గుంపు ఇంకో చెయిన్‌లో రెండోది అయి కూర్చుంటుంది. చెయిన్లన్నీ ఒకే జవాబుకు వచ్చాయో లేదో చెప్పే ఆర్-హ్యాట్ 1.01 లోపు ఉండాల్సింది, నాకు 1.7 వచ్చింది. కోడ్ తప్పనుకుని రెండు రోజులు వెతికాను. గుంపుల రేట్ల (నెలకు సగటున ఎన్నిసార్లు ఆగుతాయన్న సంఖ్యల) లాగరిథమ్‌లను ఆరోహణ క్రమంలో ఉండాలని ప్రకటిస్తే సర్దుకుంది. రెండు రేట్లు బాగా దగ్గరగా ఉంటే ఇదీ పూర్తిగా కాపాడదు. ప్రయర్లు (డేటా చూడకముందు పరామితుల గురించి మనం ఇచ్చే అంచనాలు) మరీ వెడల్పుగా ఇస్తే ఒక గుంపు ఖాళీగా మిగిలిపోతుంది, లెక్క దారి తప్పుతోందని చెప్పే డైవర్జెన్స్ హెచ్చరికలు మొదలవుతాయి. స్టాన్ చిన్న చిన్న అడుగులు వేసేలా చేసే అడాప్ట్ డెల్టా సెట్టింగ్‌ను 0.8 నుంచి 0.95కి పెంచితే కొన్నిసార్లు తగ్గాయి, కానీ రన్ చాలా నెమ్మదించింది.

గుంపులు ఎన్నుండాలో స్టాన్ చెప్పదు. నమూనా నుంచి కృత్రిమ డేటా పుట్టించి, సున్నాల సంఖ్యనూ గరిష్ఠ విలువనూ అసలు డేటాతో పోల్చడం మీదే నాకు నమ్మకం. మూడు గుంపుల నమూనా ఒకసారి సగటును చక్కగా పట్టుకుంది, సున్నాలను మాత్రం బాగా తక్కువ ఇచ్చింది. సున్నాలకు విడిగా ఒక భాగం చేర్చాకే కుదిరింది.

కొత్తవాళ్లు ముందు నెగటివ్ బైనామియల్ విభాజనం ప్రయత్నించాలి. అదీ మిశ్రమమే: పాయిజాన్ రేటు గామా విభాజనం ప్రకారం మారుతుందనుకుంటే వచ్చేది అదే. నా డేటాల్లో చాలావాటికి అది చాలింది.

వేగం గురించి ఒక చిట్కా. వివరణ చరరాశులు (యంత్రం వయసు లాంటివి) లేకపోతే ప్రతి వరుసకూ లాగ్ సంభావ్యత లెక్కించనక్కర్లేదు. ఒక్కో విలువకు ఒకసారి లెక్కించి, అది ఎన్నిసార్లు వచ్చిందో దానితో గుణిస్తే సరిపోతుంది. గంట పట్టే రన్ నాకు రెండు నిమిషాల్లో పూర్తయింది.