12 ఆషాఢాలుగా బెర్న్‌స్టీన్ డీవీడీలు

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. బ్యాండు మేళంలో క్లారినెట్టు వాయిస్తాను, పిల్లలకి నేర్పుతాను. 2012 ఆషాఢంలో లియొనార్డ్ బెర్న్‌స్టీన్ ‘యంగ్ పీపుల్స్ కాన్సర్ట్స్’ డీవీడీల సెట్టు కొన్నాను. ఆయన అమెరికా కండక్టర్, అంటే ఆర్కెస్ట్రా ముందు నిలబడి దాన్ని నడిపించేవాడు. ఇవి ఆయన టీవీలో పిల్లలకి సంగీతం వివరిస్తూ చేసిన కచేరీలు. 9 డిస్కులు, 25 కార్యక్రమాలు, ఒక్కోటి గంట సేపు. నాలుగు పెళ్లిళ్లలో నా వాటాకి వచ్చిన డబ్బంతా దానికే పోయింది. ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి మేళంలో అందరం ఖాళీయే. అప్పట్నుంచి ఏటా ఆ నెలంతా మా వసారాలో ఇవే నడుస్తున్నాయి. ఇన్నేళ్లు వాడాకే రాస్తున్నాను, అందుకే మంచీ చెడ్డా రెండూ చెప్పగలను.

బెర్న్‌స్టీన్ 1918లో అమెరికాలోని లారెన్స్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రిది జుట్టుకీ, అలంకరణకీ వాడే సామాన్ల వ్యాపారం. పదేళ్లప్పుడు మేనత్త తన పియానో తెచ్చి వీళ్లింట్లో పెట్టింది, అంతే, పిల్లాడు దానికి అతుక్కుపోయాడు. కొడుకు సంగీతంలో పడటం తండ్రికి ససేమిరా ఇష్టం లేదు. 25 ఏళ్ల వయసులో, 1943 నవంబరు 14న, పెద్ద కండక్టర్ బ్రూనో వాల్టర్‌కి జ్వరం వస్తే ఒక్క రిహార్సలూ లేకుండా న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా ముందు నిలబడ్డాడు. కచేరీ రేడియోలో వచ్చింది, మర్నాడు పేపరు మొదటి పేజీలో పేరు పడింది. 1958లో ఆ ఆర్కెస్ట్రాకే మ్యూజిక్ డైరెక్టర్ అయ్యాడు. అదే ఏడు జనవరిలో పిల్లల కచేరీలు టీవీలో మొదలుపెట్టి 1972 దాకా 53 చేశాడు. అంతమంది గొప్ప వాద్యగాళ్లని వెంటపెట్టుకుని, చిన్నపిల్లల్ని ఎదురుగా కూచోబెట్టుకుని, పాఠం చెప్పినంత శ్రద్ధగా మాట్లాడతాడు. మాటలు తేలిక చేస్తాడు గానీ విషయాన్ని పల్చన చెయ్యడు. నాకు నచ్చిందీ, నేను పట్టుకున్నదీ అదే.

మొదటి కార్యక్రమం ‘సంగీతానికి అర్థం ఏమిటి’. అందులో జైల్లో పడ్డ స్నేహితుణ్ణి సూపర్‌మ్యాన్ విడిపించే కథొకటి చెప్పి, దానికి తగ్గట్టు ఆర్కెస్ట్రా వాయింపిస్తాడు. కథ అచ్చంగా సరిపోతుంది. ఆ తర్వాత, ఈ సంగీతం అసలు స్ట్రాస్ అనే స్వరకర్త రాసిన ‘డాన్ కిహోటే’ అని, అందులో ఉన్నవి గొర్రెల మంద, పిచ్చి వీరుడూ అని చెప్పి మళ్లీ వాయింపిస్తాడు. అదీ సరిపోతుంది! అంటే కథ మనం తగిలించుకున్నది, సంగీతం సంగీతమే. 1943 నాటి ఆ మొదటి కచేరీలో ఆయన వాయింపించినవాటిలో ఈ ‘డాన్ కిహోటే’ కూడా ఉంది. ఇది చూశాక నాకు మా పనే తట్టింది. అప్పగింతలప్పుడు మేం వాయించే పాటకి పెళ్లికూతురి తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. అదే పాట, అదే శ్రుతి, జగ్గన్నతోటలో ప్రభల తీర్థం రోజు వాయిస్తే కుర్రాళ్లు ఈలలేస్తారు.

ఆర్కెస్ట్రేషన్, అంటే ఏ పాట ఏ వాద్యానికి ఇవ్వాలో కూర్చడం, దాని గురించిన భాగం మా మేళానికి నేరుగా పనికొచ్చింది. దాని చివర రావెల్ 1928లో రాసిన ‘బొలెరో’ ఉంటుంది. మొదట్నుంచి చివరిదాకా సైడ్ డ్రమ్ము ఒకటే దరువు, వేగం మారదు. పాట మాత్రం ఫ్లూటు నుంచి క్లారినెట్టుకి, అక్కణ్ణుంచి బస్సూను అనే మంద్రపు ఊదుడు వాద్యానికి చేతులు మారుతూ, చినుకుగా మొదలై వరదయిపోతుంది. మా డ్రమ్ము కుర్రాడు మొదటిసారి చూసి, “పావుగంట ఒకే దెబ్బా మేష్టారూ, చెయ్యి పడిపోదాండీ?” అన్నాడు. ఆ ఏడు మాఘంలో ఊరేగింపుకి వాడి దరువు ఎక్కడా పరిగెత్తలేదు. మొదట్లోనే అన్ని వాద్యాలూ ఒక్కసారి ఎత్తుకుని చివరికి ఊపిరి చాలక చతికిలబడే అలవాటు మాకు తప్పింది.

ఈ సెట్టులో లేనిది ఒకటి చెప్పాలి. 1954లో ‘ఆమ్నిబస్’ అనే టీవీ కార్యక్రమంలో బేతోవెన్ అయిదో సింఫనీ స్వరపత్రాన్ని నేల మీద పెద్దగా వేయించి, వాద్యగాళ్లని ఆ గీతల మీద నిలబెట్టాడు. అది నాకు విడిగా దొరికింది. మా వాకిట్లో మా ఆవిడ ముగ్గుతో గీతలు లాగి ఇస్తే మేమూ అలాగే నిలబడ్డాం. ఆ సింఫనీ ఎత్తుగడలో బేతోవెన్ వాడింది తీగవాద్యాలూ వాటితో క్లారినెట్లూ మాత్రమే. ట్రంపెట్టు కుర్రాళ్లూ డ్రమ్ములవాళ్లూ అరుగెక్కి కూచున్నారు. గీతల మీద మిగిలింది మా ఇద్దరు క్లారినెట్టువాళ్లమే. ఎవర్ని ఊరుకోబెట్టాలో తెలియడం కూడా కూర్పే అని ఆ రోజు పిల్లలకి నేను నోరు విప్పి చెప్పాల్సిన అవసరం రాలేదు.

‘మోడ్ అంటే ఏమిటి’ అన్న భాగం మన సంగీతం తెలిసినవాళ్లకి పండగ. మోడ్ అంటే మన మేళకర్తలాంటి స్వరాల వరస. ఆయన డోరియన్ అంటే మనకి ఖరహరప్రియ, ఫ్రిజియన్ అంటే తోడి, లిడియన్ అంటే కల్యాణి, మిక్సోలిడియన్ అంటే హరికాంభోజి స్వరాలు. ఈ జతలు డిస్కులో ఉండవు, నేను పాజ్ కొట్టి పిల్లల చేత పాడిస్తాను. బాలమురళీకృష్ణ గారు పుట్టిన శంకరగుప్తం మాకు గోదారి అవతలే. ఈ గాలిలో పెరిగిన పిల్లలకి ఆ పోలిక క్షణంలో అందుతుంది.

ఇక లోపాలు. ముందటి కార్యక్రమాలు నలుపు తెలుపు, శబ్దం మోనో, డబుల్ బేసులు అనే మంద్రపు తీగవాద్యాలు సరిగా వినిపించవు. ఆయన ఇంగ్లీషు వడివడిగా సాగుతుంది, మొదటి ఏడాది మా అమ్మాయి పక్కన కూచుని చెప్తుంటేనే నాకు అందింది. ‘ఫిడేలియో’ ఒపేరా భాగం దగ్గర పదేళ్లలోపు పిల్లలు నిలవరు, వాళ్లకి పెట్టకండి. నాకు అమ్మిన ఆన్‌లైన్ వ్యాపారి పంపిన పెట్టె సొట్టపడి వచ్చింది, ఒక డిస్కు మీద గీత ఉంది, ఎన్నిసార్లు రాసినా మార్చివ్వలేదు. అందులో సిబెలియస్ అనే స్వరకర్త మీద చేసిన భాగం ఇప్పటికీ మధ్యలో ఆగి, నిమిషం దాటాక అందుకుంటుంది. మన డెల్టా చెమ్మకి మూడో వానాకాలంలో రెండు డిస్కుల మీద బూజు చుక్కలు వచ్చాయి. మెత్తటి బట్ట తడిపి, మధ్య నుంచి అంచుకి తుడిస్తే పోయాయి. గుండ్రంగా తుడవకండి. ఇప్పుడు బిస్కట్ డబ్బాలో, బియ్యం మూట వేసి పెడుతున్నాను. డీవీడీ ప్లేయర్లు మాత్రం మూడు మారాయి.

కొనేవాళ్లు పెట్టె విప్పగానే 9 డిస్కులూ మొదట్నుంచి చివరిదాకా ఒకసారి ఆడించి చూసుకోండి, తిప్పి పంపే గడువు దాటక ముందే. పిల్లలకి ఆర్కెస్ట్రేషన్‌తో మొదలుపెట్టండి. బొలెరో వచ్చేటప్పుడు సౌండు మొదట్లో పెంచకండి, వినపడలేదని అడిగినా సరే, అలాగే ఉంచండి.